ఓడలో గాలి ఆగిన సీను

ఆ సినిమా మొదటి భాగాన్ని నేను తొమ్మిదిసార్లు చూశాను. అంతరిక్షంలో దిక్కు లేకుండా తిరుగుతున్న ఒక ఓడ దొరుకుతుంది. లోపల అందరూ చనిపోయి ఉంటారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే దాని అందం. ఇన్నేళ్ళకు, ఆ ఓడలో అంతకుముందు ఏం జరిగిందో చెబుతామని ఇంకో సినిమా తీశారు. డబ్బింగై గుడివాడ వచ్చింది. నేను ఆగుతానా?

ఆ రోజు అక్క పన్ను పీకించుకోవడానికి బందరు వెళ్ళింది. ముదినేపల్లి దగ్గర ఆమెకు రొయ్యల చెరువుంది. బావ పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. ఇంకో వారంలో పట్టుబడి, రొయ్య పట్టి అమ్మేస్తాం. పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది.

"ఏరేటర్లు జాగ్రత్తరా. మబ్బురోజు నీళ్ళలో గాలుండదు" అని వెళ్తూ రెండుసార్లు చెప్పింది.

"నాకు తెలీదా అక్కా?" అని విసుక్కున్నాను.

ఏరేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. మేత వేసేటప్పుడు వాటిని ఆపుతాం. లేకపోతే ఆ సుడికి మేతంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. రొయ్య తిన్నాక మళ్ళీ వేస్తాం. నేను ఒంటిగంటకు మేత చల్లి, చేతులు కడుక్కుని, మ్యాట్నీకి బయల్దేరాను.

సినిమా చెత్త. ఇన్నేళ్ళు నేను నెత్తిన పెట్టుకున్న రహస్యాన్ని తెల్లకోటు ఆసామి ఒకడు బోర్డు మీద బొమ్మ గీసి వివరించేశాడు. హాల్లో ఉన్నది పదిమందిమి, అందులో ఇద్దరు నిద్ర. ఇక లేచిపోదామనుకుంటుండగా ఓడలో గాలి యంత్రం ఆగిపోయింది. సంగీతం లేదు, మాట లేదు. అప్పటిదాకా సన్నటి హోరు ఒకటి వినిపిస్తూనే ఉందని అది ఆగాకే నాకు తెలిసింది. ఓడలో వాళ్ళు మాత్రం ఏమీ గమనించకుండా భోజనం చేస్తున్నారు. ఎంత బాగా తీశాడు అనుకున్నాను.

మరుక్షణం గుర్తొచ్చింది. బండి ఎక్కుతున్నప్పుడు మా గట్టు మీద కూడా ఇంతే నిశ్శబ్దం. నేను ఏరేటర్లు మళ్ళీ వెయ్యలేదు.

బయటికి పరిగెత్తి పక్క చెరువు మావయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇక అక్కకు చెయ్యక తప్పలేదు. నోట్లో దూది ఉమ్మేసి మాట్లాడింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఫోన్ పెట్టెయ్. మావయ్య ఇంట్లో అత్తయ్య ఉంటుంది, ఆవిడకి నేను చేస్తాను" అంది, అంతే.

గుడివాడ నుంచి ముదినేపల్లి దాకా బండి ఎలా నడిపానో నాకు తెలియదు. చినుకులు మొదలయ్యాయి. చచ్చిన రొయ్యలు చెరువంతా తెల్లగా తేలిపోయినట్టు కళ్ళ ముందు ఒకటే బొమ్మ. గట్టు మలుపు దగ్గర ఆగానే గానీ బండి ఇంజను ఆపడానికి ధైర్యం చాల్లేదు. ఆపితే నిజం వినపడుతుంది. చివరికి కళ్ళు మూసుకుని తాళం తిప్పాను.

ఏరేటర్లు తిరుగుతున్నాయి. మావయ్య నిక్కరు తడిసి గట్టు మీద నిలబడి ఉన్నాడు. "అప్పటికే రొయ్యలు గాలాడక పైకొచ్చేస్తున్నాయిరా అబ్బాయ్" అన్నాడు. మూలల్లో రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. గట్టు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను.

సాయంత్రం అక్క వాచిన చెంపతో బస్సు దిగి వచ్చింది. గట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. నా పక్కన కూర్చుని చచ్చిన రొయ్యల్ని బుట్టలోకి ఏరుతూ, నీకెట్టా గుర్తొచ్చిందిరా అని అడిగింది. సినిమా గురించి చెప్పాను. అంతా చెత్తేనని, ఆ ఒక్క సీను మాత్రం బాగుందని చెప్పాను.

"ఆ ఓడలోవాళ్ళు బతికారా?"

నేను ఆ సీను తర్వాత ఏమీ చూడలేదు. కానీ మొదటి భాగం తొమ్మిదిసార్లు చూసినవాణ్ణి.

"లేదక్కా. ఒక్కళ్ళు కూడా."

అక్క చేతులు ఆగిపోయాయి. "మనవి చాలావరకు బతికాయిలే" అంది. ఆ గొంతు వణికింది. బావ పోయిన రోజున కూడా వణకని గొంతు అది.