ఎర్రదీపం వెలిగితే తుమ్మే ఆర్లో

ఆర్లో పికరింగ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. రేడియోలో తుమ్ముతాడు. బయట ఎక్కడా తుమ్మడు. జనవరిలో సరస్సు మీంచి వచ్చే గాలికి చికాగో అంతా ముక్కులు తుడుచుకుంటుంటే, ఆయన టోపీ కూడా లేకుండా ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ప్రసారం మొదలైందని స్టూడియోలో ఎర్రదీపం వెలిగిందా, హాచ్!

అవి మామూలు తుమ్ములు కావు. కొన్ని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవి. కొన్ని నింపాదిగా మెట్లెక్కి, పైనుంచి ఒక్కసారి దూకేవి. ఆదివారం సాయంత్రం రేడియో ముందు కూచున్న ఇళ్లన్నీ "దేవుడు చల్లగా చూడాలి" అనేవి. అన్ని దీవెనలు ఏ పాదిరీకీ దక్కి ఉండవు.

చిక్కల్లా ఏమిటంటే, మా హాస్యనాటికకి డబ్బు పెట్టే హోబార్ట్ అమ్మేది జలుబు మాత్రలు. వాటి ప్రకటన చదివేవాణ్ణి నేను.

"నా మాత్రలు వేసుకోవటం లేదా నువ్వు?" అని ఓ రోజు హోబార్ట్ ఆర్లో మీద విరుచుకుపడ్డాడు.

"వేసుకుంటున్నానండీ. అప్పట్నుంచే ఎక్కువయ్యాయి."

"ఈ ఆదివారం నేనే వచ్చి కూచుంటా. ఒక్క తుమ్ము వినపడిందా, నాటిక బంద్! ఇంటికి పోయి తీరిగ్గా తుమ్ముకో."

"ఒరేయ్, ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకోరా," అన్నాను, హోబార్ట్ వెళ్లాక ఆర్లోతో.

"గొంతు మారిపోతుంది గస్! అంతా నన్ను బాతు అనుకుంటారు."

ఆదివారం హోబార్ట్ స్టూడియో పక్కనున్న అద్దాల గదిలో చేతులు కట్టుకుని కూచున్నాడు. నాటికలో ఆర్లో మంగలి, ముసలి థెల్మా అతని మేనత్త. సగం దాకా గండం గడిచింది. అప్పుడు మేనత్త చెప్పాల్సిన మాట రాలేదు. థెల్మా నాటిక కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని వెతుకుతోంది. రేడియోలో ఇంకో క్షణం ఖాళీ పోతే వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది.

ఆర్లో అద్దం వైపు చూశాడు. నిట్టూర్చాడు. తుమ్మాడు.

మెట్లెక్కే రకం. అది ఎక్కుతుండగానే ఆమె కాగితం మీద వేలు పెట్టి, మాట ఎక్కడుందో చూపించాడు. తుమ్ము దూకేసరికి థెల్మా ఠంగుమని అందుకుంది. ఆమెకి చూపు ఆనటం లేదని పైవాళ్లకి తెలిస్తే మర్నాడు పనుండదు. ఇన్నాళ్ల తుమ్ములూ ఎవరి కోసమో నాకు అప్పుడర్థమైంది.

హోబార్ట్ లేచి నిలబడ్డాడు. తర్వాతిది నా ప్రకటన.

"విన్నారుగా! పాపం, ఆర్లో ఇవాళ మాత్ర మర్చిపోయాడు. మీరు మర్చిపోకండి!"

ఆ వారం దుకాణాల్లో మాత్రలు దొరకలేదు. హోబార్ట్ ముఖం వెలిగిపోతూ వచ్చాడు. "ఇక ప్రతివారం తుమ్మాలి. సరిగ్గా ప్రకటనకి ముందు. ఇంకెక్కడా తుమ్మకూడదు!"

"ఇంకెక్కడా వద్దాండీ?" అని ఆర్లో దిగాలుగా అడిగాడు.

మరుసటి ఆదివారం థెల్మా ఆగిపోయినచోట ఆయనకి ఎక్కిళ్లు మొదలయ్యాయి.

తర్వాత అందరం టెలివిజన్‌కి మారాం. అక్కడ చేతిలో కాగితాలుండవు, ముందే చదివి కంఠతా పట్టాలి. థెల్మా మాట ఆగినప్పుడల్లా ఆర్లో కుర్చీ తట్టుకుని ఆమె కాళ్ల దగ్గర దబ్బున పడి, కిందనుంచి మాట అందించేవాడు. పడితే ఇలా పడాలని పత్రికలు రాశాయి.

థెల్మా మాత్రం ఆయన్ని లేవదీస్తూ మందలించేది: "కాస్త చూసుకుని నడవరాదూ నాయనా? ముందా కళ్లు డాక్టరుకి చూపించుకో."