నర్సవ్వ పెద్దమ్మ మధ్యాహ్నపు నిద్ర

ఎండాకాలంలో మా గల్లీలో ఎవరో ఒకరు చల్లదనం కోసం తలుపుకు తడి చీర వేలాడదీస్తారు. మొన్న కూరగాయల సంచితో నడిచి వస్తుంటే ఆ తడి నూలు వాసన ముఖానికి తగిలింది. వేడిగాలికి ఆరుతున్న పాత బట్ట వాసన, కాస్త సబ్బు, కాస్త మట్టి. అక్కడే నిలబడిపోయాను. ఆ తెర వెనుక నుంచి "ఎవరది? చెప్పులు సప్పుడు చెయ్యకుంట రా" అనే గొంతు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. సూరత్‌లోని మా భేస్తాన్‌లో ఆ గొంతు లేకుండా పోయి చాలా కాలమైందని గుర్తొచ్చి మళ్లీ నడిచాను. ఇంటికి వచ్చాక కూరగాయలు సంచిలోనే ఉంచి చాలాసేపు గడప మీద కూర్చున్నాను.

నర్సవ్వ పెద్దమ్మ మా పక్క ఖోలిలో, అంటే పక్క గదిలో ఉండేది. మాకు చుట్టరికమేమీ లేదు. మాలాగే కరీంనగర్ వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చిన కుటుంబం, అంతే. ఆమె భర్త లింగయ్య కార్ఖానాలో పనిచేసేవాడు. ఆయన్ని నేను పెద్దబాపు అనేదాన్ని. ఒక్కతే కూతురు, పెళ్లి చేసి బార్డోలీ పంపించారు. పెద్దమ్మ ఇంట్లోనే మెస్సు నడిపేది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన మన తెలుగు మగవాళ్లు డ్యూటీ ఎక్కే ముందు కొందరు, దిగాక కొందరు ఆమె ఇంట్లో తినేవారు. పొయ్యి ఆరడం అరుదు. అయినా ఆ రోజుల్లో ఆమె పరుగెత్తడం నేను చూడలేదు. అన్ని గిన్నెల మధ్య, అంతమంది ఆకళ్ల మధ్య, ఏదో తనకు మాత్రమే వినిపించే తాళానికి నడుస్తున్నట్టు ఉండేది. మధ్యాహ్నం అందరూ తిని వెళ్లాక తలుపుకు తడి చీర కట్టి, నేల మీద చాప పరుచుకుని పడుకునేది. ఆ వేళ దేవుడు వచ్చినా బయటే నిలబడాలి. గల్లీలో ఆడవాళ్లు వెనకాల నవ్వుకునేవారు. "నర్సవ్వ పెద్ద దొరసాని" అనేవారు. కొత్తగా వచ్చిన నేనూ ఆ నవ్వులో ఒకటి రెండుసార్లు గొంతు కలిపే ఉంటాను.

మా పాప పుట్టిన తర్వాత నాకు ఒంట్లో ఏదో ఇంకిపోయింది. జబ్బని చెప్పడానికి లేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. లేవాలంటే కాలు రాదు, నవ్వాలంటే మొహం రాదు. నా భర్త సురేశ్‌కు ఒక పక్షం పగటి డ్యూటీ, ఒక పక్షం రాత్రి డ్యూటీ. ఆయన నిద్రకు ఒక వేళ, పాప నిద్రకు ఇంకో వేళ. నా నిద్రకు వేళంటూ లేదు. సలాబత్‌పురా బట్టల బజారు నుంచి వచ్చే చీరలకు నేను ఇంట్లో కూర్చుని మెరుపు రాళ్లు అంటించేదాన్ని. ఒకరోజు పొద్దున కళ్లు తెరిచే ఉన్నాననుకుంటూనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి జిగురుతో నా అరచెయ్యి చీరకు అంటుకుని ఉంది. పాప ఏడ్చి ఏడ్చి గుక్క పట్టింది. నర్సవ్వ పెద్దమ్మ పాపను భుజాన వేసుకుని గదిలో తిరుగుతోంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఇంకా తినలేదు పెద్దమ్మా. ఆయన తిన్నాక తిందామని..."

"ఆయనెప్పుడొస్తడు?"

ఏడ్చేశాను. ఆమె గోరువెచ్చని నీళ్లు తెచ్చి, నా అరచేతి నుంచి చీరను కొంచెం కొంచెంగా, చర్మం లేవకుండా విడదీసింది. తర్వాత తన ఇంటి నుంచి బువ్వ, పప్పు తెచ్చి ఎదురుగా పెట్టింది. "ఇంతమందికి వండుత. ముందుగాల నేను తిన్నంకనే పెడుత. సిగ్గేంది? ఆకలైనోడు వండితె ఉప్పు సుత సక్కగ పడదు" అంది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. పాఠాలు చెప్పినట్టు కాదు. వచ్చి పోతూ ఒక్కో మాట పడేసేది. కంటికి కష్టమైన రాళ్ల పని పొద్దుటి వెలుగులో ముగించమనేది. దారాలు కత్తిరించడం లాంటి చెయ్యి పని సాయంత్రానికి ఉంచమనేది. పొద్దు వాలాక పాపను ఎత్తుకుని కాలువ గట్టు దాకా నడిచి రమ్మనేది. "ఏం పని లేకుంట పో. పని మీద పోతె అది నడక కాదు, తిరుగుడు" అనేది. ఎవరైనా పిలవగానే నేను ఉలిక్కిపడి లేచేదాన్ని. అది చూసి, "ఒక్క పిలుపుకే లెవ్వకు. నిజంగ పని ఉన్నోడు రెండోసారి పిలుస్తడు. పనికి మనిషి అలసిపోదు బిడ్డా, పిలుపులకు అలసిపోతది" అంది. తడి చీర కట్టడం కూడా ఆమే నేర్పింది. మొదటి కొన్నాళ్లు చాప మీద పడుకుంటే దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైంది. ఒక సాయంత్రం పాప ఏదో చేస్తే ఫక్కున నవ్వాను. నా నవ్వు విని నేనే తలుపు వైపు చూశాను, ఎవరు నవ్వారా అని.

ఇదంతా నీకెవరు నేర్పారని ఒకసారి అడిగాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తోంది. "మా అవ్వ బీడీలు చేసేది" అంది. "చాట ఒళ్లె పెట్టుకోని గోడకొరిగి కూసున్నది. కునుకు తీస్తాంది అనుకున్నం. పొద్దుమూకే దాక ఎవ్వలం లేపలే. ఎన్నడు పండుకోని మనిషి, జర పండుకోనియ్యి అనుకున్నం. లేపి సూస్తె అప్పటికే సల్లబడ్డది." తర్వాత పొట్టు ఊది, లేచి లోపలికి వెళ్లింది.

మా పాప బడికి వెళ్లే వయసు వచ్చాక లింగయ్య పెద్దబాపుకు పక్షవాతం వచ్చింది. కార్ఖానా నుంచి నలుగురు మోసుకొచ్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేనాటికి కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటి కదిలేది. పెద్దమ్మ మెస్సు నడుపుతూనే ఆయన్ని చూసుకునేది. అప్పుడు చూశాను ఆమె పరుగెత్తడం. నిలబడి తినేది. ఒక్కోసారి అదీ లేదు. తలుపుకు తడి చీర కట్టడం మానేసింది. నెలలు గడిచేకొద్దీ ఆమె కళ్ల కింద నల్లబడి, నడుము వంగి, గల్లీలో ఎదురొచ్చినా నన్ను పోల్చుకోనట్టు వెళ్లిపోయేది.

"నువ్వే కదా చెప్పినవ్ పెద్దమ్మా, రెండోసారి పిలిస్తెనే లెవ్వాలని" అన్నాను ఒకరోజు, కాస్త నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. "ఆయన ఒక్కసారి సుత పిలువలేడు బిడ్డా. నేనే సూసుకుంట ఉండాలె."

అయినా నేను వదల్లేదు. మధ్యాహ్నం నా చీరల పని పట్టుకుని వాళ్ల ఖోలికి వెళ్లి, పెద్దబాపు మంచం పక్కన కూర్చున్నాను. "నేనిక్కడ్నే ఉంట. నువ్వు మా ఇంట్ల జర పండుకో" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు పెద్దబాపు ఎడమ చెయ్యి ఎత్తి, తలుపు వైపు ఊపాడు. పో, అన్నట్టు. ఆమె కదలకపోతే మళ్లీ ఊపాడు, ఈసారి కోపంగా. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లింది. అది మా ముగ్గురికీ అలవాటైంది. ఆమె కాసేపు పడుకుని వచ్చేది. మొహం కొద్దిగా తేరుకుంది. ఒకరోజు మా పాపకు జడ వేస్తూ కూనిరాగం కూడా తీసింది.

వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం, ఆమె మా ఇంట్లో పడుకుని ఉండగా పెద్దబాపు పోయాడు. చప్పుడు లేదు, పెనుగులాట లేదు. అంతకుముందే నీళ్లు తాగించాను. చీర మీద వంగి ఒక పువ్వు పూర్తి చేసి తలెత్తేసరికి ఆయన తలుపు వైపు చూస్తున్నాడు. పిలిచాను. చెయ్యి పట్టుకున్నాను. అర్థమై పరుగెత్తాను. పెద్దమ్మ జుట్టు ముడి వేసుకోకుండానే వచ్చింది. ఆయన పక్కన కూలబడి, గడ్డం పట్టుకుని, "లేపకపోతివి" అంది. "ఒక్కపారి లేపకపోతివి." ఆయన్నే అంటోంది. నన్ను ఆమె అప్పుడు గానీ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు.

లోకం ఊరుకోలేదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, నీళ్ల దగ్గర ఆడవాళ్లు, అందరిదీ ఒకే మాట. మొగుడు పోతుంటే పక్కింట్లో కునుకు తీసిందట. "నేనే పంపించాను, ఆయనే పొమ్మన్నాడు" అని కనిపించిన ప్రతి ఒక్కరితో చెప్పాను, పోట్లాడాను. నేను చెప్పేకొద్దీ ఆ మాట ఇంకా పాకింది. పెద్దమ్మ మెస్సు మూసేసింది. గిన్నెలు కావలసినవాళ్లకు ఇచ్చేసింది. కూతురు వచ్చి బార్డోలీ తీసుకుపోయింది. బస్సు ఎక్కుతూ పెద్దమ్మ మా పాప తల నిమిరింది, నా వైపు చూడలేకపోయింది.

ఆ చలికాలం నేను బార్డోలీ వెళ్లాను. ఊరంతా చక్కెర మిల్లులో చెరకు రసం ఉడుకుతున్న వాసన. ఆమె కూతురి ఇంటి మెట్టు మీద, నడినెత్తిన ఎండలో, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చుని ఉంది. ఎంత సన్నబడిందంటే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. "అమ్మ పగలు నడుము వాల్చదక్కా" అంది కూతురు దిగులుగా. నేను చాప తెచ్చి లోపల నీడలో పరిచాను. నా మాట కాదనలేక పడుకుంది. కళ్లు మాత్రం పైకప్పు మీదే ఉన్నాయి.

"వాళ్లన్న మాటలు పట్టించుకోకు పెద్దమ్మా."

"మాటలకు కాదు" అంది. "ఎప్పటిలెక్కనే పండుకున్న. అది తప్పని నేననుకుంటలేను. ఆయన సుత అనుకోడు. కాని ఆ దినం పోయేటప్పుడు ఆయన దిక్కు సక్కగ సూడలే. అలసిపోయి ఉన్న. గిట్ల చెయ్యూపిండు, గట్ల పోయిన. ఒక్కపారి ముట్టి పోతే ఏం పోయేది? కండ్లు మూస్తె చేతిల అదే ఎలితి, ఏదో తక్కువైనట్టు అనిపిస్తది."

ఆమె చేతిని నా ఒళ్లో పెట్టుకున్నాను. అంతమందికి వండిన చెయ్యి, ఎండు పుల్లలా ఉంది.

"నువ్వు పండుకునుడు మానకు బిడ్డా" అంది. "పానం కాపాడుకో. తిను, పండుకో, నడువు. గంతే, పండుకునే ముందు ఇంట్ల ఉన్నోళ్లను ఒక్కపారి ముట్టి పండుకో."

మరుసటి వానాకాలంలో ఆమె పోయింది. కూతురు ఫోన్ చేస్తే వెళ్లాను. చివరి దాకా పగలు నిద్రపోలేదట. ఆమె నాకు ఇచ్చిన నిద్రను నేను ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయాను. ఈ మాట రాయడానికి కూడా నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు నాతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు మా ఇంట్లోనే కూర్చుని రాళ్ల పని చేస్తారు. మధ్యాహ్నం పని ఆపించి అందరినీ నడుము వాల్చమంటాను. వెనకాల నవ్వుకుంటారని తెలుసు. సురేశ్ రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో లోపలి గదిలో నిద్రపోతుంటాడు. వెళ్లి ఆయన పాదం మీద చెయ్యి వేస్తాను. ఆయన కదలడు. తర్వాత, ఫోన్‌లో తల దూర్చి కూర్చున్న కూతురి దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తాను. కాలేజీకి వెళ్లే పిల్ల, విసుగ్గా తలెత్తుతుంది.

"క్యా హువా మమ్మీ? రోజూ ఏందిది?"

"ఏం లేదు" అంటాను.

ఒక్కోరోజు నా చెయ్యి తీసేస్తుంది. ఒక్కోరోజు ఫోన్ చూస్తూనే ఆ చేతి మీద తన చెంప ఆనిస్తుంది. నేను వచ్చి చాప మీద పడుకుంటాను. నిద్ర కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు.