మంగళస్నానం చేసిన రూపాయి

అదేనండీ, రామతులసి సంగతి! మొన్న సగం చెప్పి, పొయ్యి మీద పాలు పొంగాయని లేచి పరిగెత్తాను కదా. ఎక్కడ ఆపాను? ఆఁ, రూపాయి ముఖం దగ్గర.

రాయగడ బజారులో ఆదిశేషు కొట్టు, నేను పాఠాలు చెప్పిన తెలుగు బడికి ఎదురే. కల్యాణసింగ్‌పూర్ వైపు కొండల మీంచి సంతకు దిగే ఆడవాళ్లు ఉప్పుకీ బట్టకీ పాత విక్టోరియా రాణి రూపాయలు తెచ్చి, "టంకా" అంటూ గల్లా మీద పెట్టేవారు. ఆదిశేషు వాటిని తక్కెట్లో వేసి వెండి లెక్కన తీసుకునేవాడు. ఇక వాటి దారి కంసాలి మూసలోకే.

రామతులసి ఆదిశేషుని చేసుకుని ఆ ఇంటికి కోడలై వచ్చింది ముప్పై ఎనిమిదిలో. విజయనగరం పిల్ల. వచ్చిన కొత్తలోనే ఒకనాడు తక్కెట్లోంచి ఒక రూపాయి తీసి వెలుగులో పట్టుకుంది.

"సూడండి, ఈ రాణిగారి జడ. సెవి మీద పాయకి పాయ తెలుస్తంది. దీన్ని కరిగించీస్తారేటి?"

"జడ సూసి ఉప్పిమ్మంటావేటే?" అన్నాడు ఆదిశేషు.

అన్నాడే గానీ, ఆ రూపాయి కరగలేదు. అది రామతులసి రేకుపెట్టెలోకి వెళ్లింది. దాని వెనకే ఒకటొకటిగా ఇంకొన్ని చేరాయి.

పాత నాణేన్ని ఎంత అరిగిందో చూసి తరగతి కట్టడం ఒక విద్య. పట్నాల్లో దానికి ఏవో ఇంగ్లీషు పేర్లున్నాయట. అవి నాకూ తెలియవు, రామతులసికీ తెలియవు. తన పేర్లు తనే పెట్టుకుంది. టంకశాల మెరుపు పోకుండా, జడపాయలు విడివిడిగా తెలిస్తే 'పెళ్లికూతురు'. బుగ్గ మీద కాస్త నునుపు తేలితే 'కొత్తకోడలు'. జడంతా ఒకే ముద్దయిపోతే 'అత్త'. ముఖం చెరిగిపోయి సంవత్సరం అంకెలు మాత్రం మిగిలితే 'ముసలమ్మ'.

ఆదిశేషు తల్లి అమ్మన్నమ్మ ఊరుకుంటుందా?

"జడ అరిగిపోతే అత్తా? నా జడ సూసే పెట్టేవు కదే ఆ పేరు!"

"మీ జడ సూస్తే ముసలమ్మనే పెట్టాలత్తా. పోన్లెమ్మని ఒక మెట్టు ఎక్కించేను."

ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. అలాంటి అత్తాకోడళ్లు!

తీర్పులో మాత్రం మొహమాటం లేదండీ. సొంత అన్నగారు ఒక రూపాయి తెచ్చి, పెళ్లికూతురని అనిపించుకుందామని కూర్చున్నాడు. "అత్తే, అన్నయ్యా" అనేసింది. ఆయన పెరుగన్నం తినకుండా లేచిపోయాడు. అయినా మాట మార్చలేదు. గుణుపురం రైతులు కూడా ఇత్తడి చెంబుల్లో దొరికిన కాసులు పట్టుకుని రామతులసి మాట కోసమే వచ్చేవారు.

యాభై ఎనిమిదిలో మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కాలనీ క్లబ్బులో పాత నాణేల ప్రదర్శన పెట్టారు. పెట్టింది మన్మథరావుగారు. ప్రాజెక్టులో ఇంజనీరు, నాణేలంటే ప్రాణం. నియమం ఒక్కటే: ఎవరి నాణెం తరగతి వారే చీటీ మీద రాసి పెట్టాలి. ఒక్క నాణేనికి లేని గొప్ప రాసినా పళ్లెం మొత్తం పక్కన పెట్టేస్తారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క చీటీతో పోతుందన్నమాట!

బయల్దేరే ముందురోజు చీటీలు రాయడానికి, రామతులసి పెట్టిన పేర్లకి అర్థాలు ఒక కాగితం మీద ఎక్కించి పళ్లెంలో పెట్టడానికి నేనూ వెళ్లాను. అమ్మన్నమ్మ అరచేతిలో ఆ మొదటి రూపాయి పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఓలమ్మీ, పెద్దమనుషులు సూస్తారని నీ పెళ్లికూతుర్ని సింతపండెట్టి తోమేను. ఎలా మెరుస్తందో సూడు, దీపపు కుందిలాగ!"

మన ఇళ్లలో దేవుడి ముందు పెట్టేది ఏదైనా చింతపండుతో తోమాల్సిందే కదా. ఆవిడ తప్పేముంది? కానీ పాత నాణేనికి అదే చేటు. ఏళ్ల తరబడి వెండికి పట్టిన రంగు పోతుంది, పీచు గీతలు పడతాయి. ఇక అది పెళ్లికూతురు కాదు.

రామతులసి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "బాగుందత్తా" అంది.

తర్వాత చీటీ ముందు పెట్టుకుని కూర్చుంది. "పెళ్లికూతురని రాస్తే అబద్ధం. తోమి పాడైందని రాస్తే, అత్త సదివించుకుంటాది. మనసు కష్టపెట్టీసుకుంటాది, పంతులమ్మగారూ."

"అది పెట్టకు మరి."

"నేను తోమిందేదే, అనడగదా?"

కాసేపు చీటీకేసి చూసి, చకచకా రాసింది: 'పెళ్లికూతురు. మంగళస్నానం అయింది.'

క్లబ్బులో మన్మథరావుగారు ఆ రూపాయిని అంచులు పట్టుకుని ఎత్తి, ఏటవాలుగా వెలుగులో తిప్పారు. చీటీ చదివారు. మళ్లీ చదివారు.

"స్నానం ఎవరు చేయించారమ్మా?"

అమ్మన్నమ్మ ముందుకు తోసుకొచ్చింది. "నేనే బాబూ! నా సేత్తోనే!"

ఆయన రామతులసి వైపు చూశారు. పెదవి చివర నవ్వు. "శాస్త్రోక్తంగా జరిగిందన్నమాట. ఈ పళ్లెం ముందు బల్ల మీద పెట్టండి. మిగతా చీటీలు నేను మళ్లీ చూడక్కర్లేదు."

విన్నారా! తన పెళ్లికూతురు సంగతే దాచని మనిషి, మిగతావాటికి గొప్పలు రాస్తుందా? అమ్మన్నమ్మ ఆ రోజంతా బల్ల పక్కనే నిలబడి వచ్చినవాళ్లకల్లా స్నానం కథ చెప్పింది. నాకు మా బడి పిల్లలకి బహుమతులొచ్చినంత గర్వం. ఇప్పుడు నేనుంటున్న ఈ కోరాపుట్‌లో కూడా తోమిన నాణెం కనిపిస్తే "మంగళస్నానం అయిందిరోయ్" అంటారు. ఆ మాట మా రామతులసిదండీ!

ఇంతకీ ఇవాళ పొద్దున్న ఆదిశేషు కోరాపుట్ పనిమీద వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు, ఒకటే నవ్వు.

"దసరాకి మళ్లీ పెదర్శనంట, పంతులమ్మగారూ. మా అమ్మ పెట్టె తాళం బొడ్లో దోపీసింది. రేపు శుక్రవారం అన్ని కాసులకీ మంగళస్నానమేనంట! గంగాళంలో సింతపండు నానబెట్టీసింది. కోడలికి సెప్పొద్దంది, సంబరపడతాదని."

ఉంటానండీ. తపాలాఫీసు మూసెయ్యకముందే వెళ్లి రాయగడ కొట్టుకి ట్రంకాల్ చెయ్యాలి. రామతులసిని ముందు గంగాళం ఒంపెయ్యమంటాను. ఆ తర్వాత అత్తగారికి చెప్పడానికి ఇంకో మంచి మాట వెతుక్కోమంటాను.