పచ్చటోపీ పందెం

డెల్మర్ హైసింగా ట్రాక్టరు ఎంత నిదానంగా నడుపుతాడంటే, ఒక ఏడు దాని చక్రం ముందు కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని దాటిపోయాక గానీ ఆ చక్రం అక్కడికి చేరలేదు. నమ్మనివాళ్ళు అయోవా రాష్ట్రంలో మా వైపుకొచ్చి ఎవరినైనా అడగండి. కోడిని చూడలేదన్నవాడు ఒక్కడూ దొరకడు.

ఆగస్టులో జరిగే మా పాత ట్రాక్టర్ల తిరనాళ్ళలో నిదానపు పందెమే పందెం. అందరికన్నా ఆఖర్న గీత దాటినవాడు మొనగాడు. క్లచ్చు తొక్కినా, బ్రేకు ముట్టినా, ఇంజను ఆగినా ఓడినట్టే. డెల్మర్ ఎర్ర ట్రాక్టరు మన్ను తగలక ముప్పయ్యేళ్ళు. దుమ్ము వాలితే పసిపిల్లల గుడ్డతో ఒత్తుతాడు. దానికి నాలుగుసార్లు రంగు వేయించాడు, వంటింటికి మాత్రం పెళ్ళినాటి సున్నమే.

"వంటింటికీ చక్రాలు బిగించమంటావా ఏమయ్యా, అప్పుడైనా చూస్తావు," అంటుంది ఆర్డిత్, అతని భార్య.

పొరుగు పొలం వెర్లిన్ కోప్‌ది పచ్చ ట్రాక్టరు. మా దగ్గర చర్చి మారినవాణ్ణి క్షమిస్తారు, ట్రాక్టరు కంపెనీ రంగు మారినవాణ్ణి క్షమించరు. అందుకే ఆ ఇద్దరి మధ్య ఒప్పందం: ఓడినవాడు ఆదివారం ఊరేగింపులో గెలిచినవాడి రంగు టోపీ పెట్టుకోవాలి. డెల్మర్ నెత్తిన పచ్చరంగు ఇంతవరకు వాలలేదు.

"నీ తల కొలత చెప్పరా, టోపీ తెప్పిస్తా," అన్నాడు వెర్లిన్.

"ముందు నీ బండి సంగతి చూసుకో. గుండె ఆపరేషనయ్యాక డాక్టరు మెల్లగా పొమ్మన్నది నిన్నేనా, దానికి చెప్పలేదా?"

పందెం మొదలైంది. మిగతావాళ్ళంతా గీత దాటి నిమ్మరసం తాగుతున్నారు. వెర్లిన్ ముందు చక్రం గీతకు జానెడు దూరంలో ఉంది. డెల్మర్‌ది ఇంకా రెండు బారల వెనక. గెలుపు చేతిలో పడ్డట్టే. ఆ నిమిషాన ఎర్ర ట్రాక్టరు రెండు తుమ్ములు తుమ్మి చచ్చింది.

డెల్మర్ కిందికి వంగి చూశాడు. ఈ పాత బళ్ళను చిన్న ట్యాంకులోని పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కగానే ఇంధనం కుళాయి పెద్ద ట్యాంకులోని కిరసనాయిలు వైపు తిప్పాలి. మా వాళ్ళు మాటలకన్నా ముందు నేర్చుకునే పని అది. కుళాయి పెట్రోలు వైపే ఉంది. చిన్న ట్యాంకు ఎండిపోయింది.

అతను తల ఎత్తేలోపే మైకులో పందెం విశేషాలు చెప్పే గేలెన్ కథ కట్టేశాడు. "చూశారా జనులారా, గుండె జబ్బు స్నేహితుడి కోసం చేజేతులా ఇంజను ఆపేశాడు." ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాస్టరు జేబులోంచి కాగితం తీసి రేపటి ప్రసంగం మార్చుకుంటున్నాడు. ఎవరో రుబార్బ్ కాడల తీపిరొట్టె ముక్క డెల్మర్ చేతిలో పెట్టారు. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆర్డిత్ అతన్ని, అతను ట్రాక్టరును చూసుకునేంత మురిపెంగా చూసింది.

డెల్మర్‌కు రొట్టె రుచిగానే ఉంది. నోరు మూసుకుంటే పచ్చటోపీ కూడా కిరీటమవుతుంది. నోరు విప్పితే, కుళాయి మరిచిన వెధవగా సమాధిరాయి దాకా బతకాలి.

అంతలో వెర్లిన్ వచ్చాడు. చేతిలో పచ్చటోపీ ఉంది గానీ ఇవ్వలేదు.

"నా మీద జాలిపడ్డావట్రా," అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్ళకి ఒక్కసారి గెలిచాననుకున్నా. అదీ నువ్వు పడేసిన ముష్టేనా?"

డెల్మర్ రొట్టె ముక్క సీటు మీద పెట్టాడు. ఆ టోపీ లాక్కుని తలకు బిగించి, గేలెన్ చేతిలో మైకు అందుకున్నాడు.

"జాలీ లేదు, గీలీ లేదు. కుళాయి తిప్పడం మరిచా."