నాలుగు భుజాలూ సమానమే

మొదలైంది ఒక సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. అప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మీడియం బడిలో ఏడో తరగతి చదువుతున్నాను. ఆ గంట ఇవాళ మళ్ళీ గుర్తుకొచ్చింది. డాలీగంజ్‌లో మా ఇంటి వరండాలో మనవరాలు పరీక్షకు జామెట్రీ మాటలు వల్లె వేస్తూ, "నానమ్మా, రాంబస్ మత్లబ్ టేఢా స్క్వేరే కదా?" అంది, వంకర చతురస్రమేనా అని. కాదన్నాను. దాని పేరు సమచతుర్భుజం. నాలుగు భుజాలూ సమానంగా ఉంటాయి, మూలలు మాత్రం లంబకోణాలై ఉండాలని లేదు. అలాంటి దాంట్లో మేము కాపురమున్నాం.

పోర్ట్ బ్లెయిర్‌కు బస్సు దూరంలో ఉన్న తుష్నాబాద్‌లో మా నాన్నా, పెదనాన్నా కలిసి కొంత నేల కొన్నారు. సగం సగం అనుకున్నారు. నాన్నకు దీవుల మధ్య తిరిగే ఓడలో పని, ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కితే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. పెదనాన్న వడ్రంగి, మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. మా ఓడవాళ్ళు దేన్నయినా తాడుతోనే కొలిచేవారు. తాడు సరిపోతే కొలత సరిపోయినట్టే, మూల ఎలా ఉందో ఎవరూ చూడరు. పెదనాన్న తాడు అందుకుని, "ముందు నీది కొలుద్దాం తమ్ముడా, మిగిలిందే నాది" అన్నాడు. ఆ మాటకు నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. దారి వెంట ఒక తాడు, లోపలికి ఒకటి, వెనక ఒకటి, తిరిగి దారికి ఒకటి. నాలుగూ సమానమే. లోపలికి పోయే రెండు గీతలూ మాత్రం ఎడమకు, మడచెట్ల బురద వైపు వాలాయి. ఆ వాలుతో మా వంతుకు రావలసిన, కుడి అంచున ఉన్న మంచినీళ్ళ బావి ఆ పక్క పెదనాన్న వంతులోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి అమ్మ బిందె పట్టుకుని వాళ్ళ కంచె బయట నిలబడేది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు కూడా నిలబడింది. పెద్దమ్మ తీరిగ్గా బట్టలు ఉతుక్కుని, వంగ మొక్కలకు పోసుకుని, "మేం పట్టుకున్నాక రా అమ్మా, బావేం పారిపోదు కదా" అనేది. ఆ గొంతులోని తీపి నాకు ఇప్పటికీ చేదే.

ఆ సోమవారం మాస్టారు నల్లబల్ల మీద బిందువు, రేఖ, సమాంతర రేఖలు అన్నీ దాటి సమచతుర్భుజం గీశారు. "భుజాలు కొలిస్తే చతురస్రానికీ దీనికీ తేడా తెలీదర్రా. కర్ణాలు కొలవండి. మూల నుంచి ఎదుటి మూలకు. చతురస్రంలో రెండూ ఒకటే, ఇందులో ఒకటి పొడవు, ఒకటి పొట్టి" అన్నారు. నాకు మా కంచె కళ్ళముందు కనబడింది. తల ఎత్తి గడియారం చూశాను. ఆ సాయంత్రం అమ్మ ఒక కొస పట్టుకుంటే, అదే తాడుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచాను. రెంటికీ పొంతనే లేదు. ఓడ దిగి వచ్చిన నాన్న అంతా విని, "అన్నయ్య కావాలని చేసుంటాడేటి? ఊరుకో" అన్నాడు. నేను ఊరుకోలేదు.

కోతపండుగ ఆదివారం దాకా ఆగాను. ఆరాధన అయ్యాక చర్చి ముందు అందరూ టీ తాగుతున్నారు. ఒకే పొడవున్న నాలుగు వెదురు బద్దలను మూలల్లో వదులుగా కట్టి తీసుకెళ్ళి పెదనాన్న ముందు పెట్టాను.

"ఇది చతురస్రమేనా, పెదనాన్నా?"

"అవునమ్మా, బాగా కట్టేవు."

ఒక మూల పట్టుకుని పక్కకు నెట్టాను. అది వాలిపోయింది. "ఇప్పుడో? బద్దలు అవే కదా. మా నేలను ఇలాగే నెట్టేవు."

టీ తాగడం ఆగిపోయింది. జెట్టీలో మూటలు మోసే ఒకాయన, "ఏం భయ్యా, జనాల తలుపులకి మూలమట్టం పెడతావు, తమ్ముడి నేలకి పెట్టలేదేం?" అన్నాడు. ఎవరో నవ్వారు. పెదనాన్న నావైపు చూడకుండా నాన్నతో, "ఆడపిల్లని చదివించు తమ్ముడా, ముందు సొంతోళ్ళనే కొలుస్తాది" అన్నాడు. నెట్టలేదని మాత్రం అనలేదు.

ఆ వారమే పెద్దలు వచ్చి మూలమట్టం పెట్టి కంచె సరిచేశారు. బావి మాకు వచ్చింది. పెద్దమ్మ బిందెతో వస్తే, అమ్మ వద్దంటున్నా వినకుండా, ఆమె మాటనే ఆమెకు అప్పజెప్పాను. ఎండలో నిలబెట్టాను. అంత హాయి నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. ఏడాది తిరగకుండా వాళ్ళు ఆ నేల అమ్మేసి విశాఖ ఓడ ఎక్కారు. సాగనంపడానికి నాన్న ఒక్కడే వెళ్ళాడు, తిరిగొచ్చి నాతో చాలా రోజులు మాట్లాడలేదు. పెదనాన్న పోయాడని కబురు వచ్చిన పూట కూడా నేను కడుపునిండా అన్నం తిన్నాను. ఇన్నేళ్ళ కాలం నా మోకాళ్ళను, పళ్ళను, చూపును అరగదీసింది గాని, ఈ కోపాన్ని మాత్రం అరగదీయలేకపోయింది.

ఇక పోయినవి. నాన్నకు ఒక అన్న. అమ్మకు ఒక తోటికోడలు. నాకు ఒక పెదనాన్న, ఒక పెద్దమ్మ, వాళ్ళింట్లో క్రిస్మస్ భోజనం. పైపు నీళ్ళు వచ్చాక పూడిపోయిన బావి ఒకటి.