నా మోచేతికి దురద రాలేదు

మా ఆయన ఆదివారం పొద్దున్న చేసే పని గురించి ముందు చెప్పాలి. పెరట్లో కుర్చీ వేసుకుని, చిరుగుల బనీను తొడుక్కుని, ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో బ్రష్షు పట్టుకుని, జుట్టుకీ మీసానికీ రంగు వేసుకుంటారు. ఆ గంటసేపు ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే పెదవి కదులుతుంది, కదిలితే రంగు అంటుతుంది, అంటితే మర్నాడు బెల్లం మార్కెట్‌లో అందరూ అదేమిటని అడుగుతారు. ఆయన అక్కడ కమిషన్ వ్యాపారి. రైతులు తెచ్చిన దిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, రంగు రావడానికి ఏ మందు కలిపారని మొహం మీదే అడిగేసే మనిషి. ఉన్న రంగు దాచి లేని రంగు చూపించడం మోసమని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం బెల్లం దగ్గరే ఆగిపోయింది, అంతే.

నేనేమీ తక్కువ తినలేదు. నలభై దాటిన దగ్గర్నుంచీ నేనూ వేసుకునేదాన్ని. మా వీధిలో ఆడవాళ్లందరం ఒకే కొట్లో ఒకే ప్యాకెట్టు కొనేవాళ్లం కాబట్టి అందరిదీ ఒకే నలుపు. కూరల బండి దగ్గర నిలబడితే వెనక నుంచి ఎవరు ఎవరో తెలిసేది కాదు. మా ఆయనే ఒకసారి పక్కింటావిడ వెనక నిలబడి, వంకాయలొద్దు, బెండకాయలు తియ్యమని చెప్పారు.

అలా బాగానే జరిగిపోతుండగా ఒకనాడు తలకి రంగు రాసుకున్న సాయంత్రానికి నా మొహం పూర్ణం బూరెలా పొంగింది. కళ్లు రెండూ మూసుకుపోయాయి. డాక్టరు గారు సూదిమందు వేసి, ఇంకోసారి ఈ పని చేస్తే తన దగ్గరకి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లిపోమని చెప్పి పంపించారు. మానేశాను.

ఇక చూడండి, ఊళ్లో ఎంతమంది వైద్యులున్నారో అప్పుడు తెలిసింది. కరక్కాయ అన్నవాళ్లున్నారు, గుంటగలగరాకు అన్నవాళ్లున్నారు. ఒకావిడ మాట విని గోరింటాకు పెడితే ముందు భాగమంతా నారింజ రంగుకి తిరిగింది. నెలల తరబడి తల సగం నలుపు, సగం తెలుపు, ముందు మాత్రం నారింజ. అప్పుడు మాత్రం నాకు నిజంగానే సిగ్గేసింది. గుడికి వెళ్లినా కొంగు తల మీదుగా కప్పుకునేదాన్ని.

తర్వాత మొత్తం తెల్లబడింది. పూర్తిగా తెల్లబడ్డాక ఒక రోజు తలంటుకుని, ఆరబెట్టుకుంటూ అద్దంలో చూసుకున్నాను. బాగుంది. ఈ మాట పైకి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది, కానీ నిజంగా బాగుంది. జుట్టు మెత్తబడింది, నుదురు వెడల్పుగా కనిపించింది, నల్లజుట్టుతో ఎప్పుడూ నప్పని ముదురు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కసారిగా నప్పడం మొదలుపెట్టాయి. పెళ్లయిన ఇన్నేళ్లకి అద్దం ముందు తీరుబడిగా నిలబడి, జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలో, బొట్టు ఎంతుండాలో ఆలోచించుకున్నాను. కాటుక పెట్టుకున్నాను. నాకు యాభై నిండాయి, నా మొహం నాకు నచ్చింది. ఇంతకన్నా ఏం కావాలండీ ఒక మనిషికి?

ఊరికి మాత్రం చాలా కావాలి. తల తెల్లబడ్డ ఆడది ఏ రంగు కట్టాలో ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో నాకు పెట్టే చీరలు ఏడాది తిరగకుండానే మట్టి రంగుకీ బూడిద రంగుకీ దిగిపోయాయి. బట్టల కొట్టుకి వెళితే, నేను నోరు తెరవకముందే పెద్దవాళ్ల బీరువా తీసేవాడు కొట్టతను. ఆ ఎర్రది చూపించమంటే, అమ్మాయిగారికా అని అడిగేవాడు.

ఆటోల్లో ఇంకా బాగుంటుంది. రైల్వే స్టేషను దగ్గర ఆటో ఎక్కాం ఒకసారి, నేనూ మా ఆయనా. డ్రైవరు వెనక్కి తిరిగి మా ఆయనతో, "అన్నా, మామ్మగార్ని కాస్త లోపలికి జరగమను," అన్నాడు. అన్న ఏమీ అనలేదు. మామ్మని జరగమన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరిగారు. నాకంటే ఆరేళ్లు పెద్ద మనిషి ఆయన. నాకు మామ్మ అన్నందుకు బాధ లేదు, ఆయన ఊరుకున్నందుకు కాలింది.

తర్వాత తర్వాత ఆయన ఊరుకోవడం మానేశారు గానీ, అది మరీ దారుణమైంది. ఎక్కడికి తీసుకెళ్లినా నన్ను పరిచయం చేసే తీరు ఒకటి కనిపెట్టారు. "మా ఆవిడండి. రంగు పడదండి, ఎలర్జీ." ఒకే ఊపిరిలో. రైల్లో టికెట్టు చూపించినంత తొందరగా. వాళ్లు అయ్యో పాపం అనేవాళ్లు. నేను రోగిష్టి మొహం పెట్టుకుని నిలబడాలి.

మా అమ్మాయికి సంబంధం కుదిరింది. దేవరాపల్లి వైపు, చెరుకూ వరీ పండించే కుటుంబం, పెద్ద వ్యవసాయం. నిశ్చితార్థానికి వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. మా వైపు ఆనవాయితీ ప్రకారం పిల్ల తల్లికొక చీర, నాయనమ్మకొక చీర తెచ్చారు. మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి వాళ్లకి చెప్పడం అందరం మరిచిపోయాం. కాబోయే వియ్యపురాలు మా గడప తొక్కడం అదే మొదటిసారి. నాకంటే కొంచెం పెద్దదే, భారీ మనిషి, మెడ నిండా బంగారం, జడ నిగనిగలాడుతూ నల్లగా. తిన్నగా గదిలోకి వచ్చి, బూడిద రంగు నేతచీర నా చేతిలో పెట్టి, వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి ఆవిడ తల మీదకి వెళ్లిపోయింది, నోరు దీర్ఘ సుమంగళీ భవ అనేసింది.

ఆవిడ లేచి, రెండో సంచీలోంచి నెమలికంఠం రంగు పట్టుచీర తీసి చుట్టూ చూసింది. "మరి వదినగారేరండి?"

మా ఆయన ముందుకొచ్చి, మామూలు పాఠం అప్పజెప్పేశారు. అయ్యో పాపం అన్నారందరూ. నాకు రెండు చీరలూ దక్కాయి.

ఆ సాయంత్రం మా ఇంట్లో నా తల మీద సభ జరిగింది. పెళ్లిలో అల్లుడి కాళ్లు ఆయన కడుగుతుంటే పక్కన నిలబడి నీళ్లు పొయ్యాల్సింది నేను. అంత మంది ముందు, వీడియోలో, మళ్లీ ఎవరైనా వచ్చి నా కాళ్లకి దణ్ణం పెడితే? మా ఆయన బాధ అది. మా అమ్మాయి మాత్రం కోప్పడలేదు, బతిమాలింది. "అమ్మా, ఫోటోలు ఎప్పటికీ ఉండిపోతాయే. ఒక్కరోజుకి వేసుకో." ఎలర్జీ కదా అన్నాను. ఎలర్జీ రాని రంగులు వచ్చాయంది. విశాఖపట్నంలో చర్మం డాక్టరుని అడిగి, ఖరీదైన సీసా ఒకటి తెచ్చింది. ముందు మోచేతి మడతలో చిన్న చుక్క రాసి చూడాలిట. రెండు రోజులకీ దురద, ఎర్రదనం రాకపోతే తలకి రాసుకోవచ్చుట.

రాసింది. అప్పట్నుంచి మొదలైంది మోచేతి దర్శనం. పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు తండ్రి చూస్తాడు, టిఫిను పెట్టేటప్పుడు కూతురు చూస్తుంది. మార్కెట్ నుంచి ఫోను, ఏమైనా వచ్చిందా అని. నాకు జ్వరం వచ్చి మూలిగిన రోజుల్లో కూడా ఇంతమంది ఇన్నిసార్లు నా గురించి వాకబు చెయ్యలేదు. రెండో రోజు సాయంత్రం వెలుతురులోకి తీసుకెళ్లి చూశారు. చర్మం శుభ్రంగా ఉంది. మా ఆయన ఆ మోచేతిని ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. ఇంట్లో ఎవరో పరీక్ష పాసైనట్టు అభినందనలు వచ్చాయి.

నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, గోటితో నాలుగుసార్లు గీరితే చాలు, చెయ్యి ఎర్రబడుతుంది, పెళ్లి దాకా నన్నెవరూ అడగరు. గోరు దాకా వెళ్లాను కూడా. కానీ అప్పుడు ఆ పీటల మీద కూర్చునేది మళ్లీ రోగిష్టిదే. నా తల తెల్లగా ఉన్నది దానికేదో జబ్బు చేసి కాదు, నాకు నచ్చి. నా కూతురి పెళ్లిలో ఆ తలతోనే కూర్చోవాలి, దానికి ఏ సాకూ ఉండకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే. బయటికి వచ్చి చెప్పాను.

"దురద రాలేదు. రంగు మటుకు వేసుకోను."

"ఎలర్జీ లేదని తేలిపోయింది గదే. మరింకేటి నీ బాధ?"

"బాధేం లేదు. నాకిలాగే బాగుంది."

ఆయన మీసం తడుముకున్నారు. "నిన్ను సూసి జనం నాకెన్నేళ్లనుకుంటారు?" అన్నారు.

ఆహా. ఇన్నాళ్లకి బయటపడింది అసలు సంగతి. జుట్టు నాది, లెక్క ఆయనది. నా తల చూసి జనం ఆయన వయసు కట్టేస్తున్నారు. ఆదివారం ఆదివారం ఆయన పడుతున్న కష్టమంతా నేను పక్కన నిలబడగానే గంగలో కలిసిపోతోంది పాపం. నవ్వొచ్చింది. ఆయన ముందే పగలబడి నవ్వాను. కానీ మా అమ్మాయి ఆ రాత్రి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టింది. దానికి మాత్రం ఏడ్చాను. పెళ్లి పనులన్నీ చేస్తూనే లోపల కుమిలిపోయాను, పిల్ల సంతోషం కంటే నా తల ఎక్కువైందా అని.

పెళ్లిరోజు ఉదయం ముహూర్తం. మిరపపండు ఎరుపు పట్టుచీర కట్టుకున్నాను. తెల్లజుట్టుని నున్నగా దువ్వి ముడి వేసుకుని, నిండా మల్లెపూలు పెట్టుకున్నాను. పెళ్లికూతురు అలంకరణ మధ్యలో నన్ను చూసి, చాలాసేపు చూసి, "బొట్టు ఇంకొంచెం పెద్దది పెట్టుకో, బాగుంటుంది," అంది. నాకు కొండంత బలం వచ్చింది.

పీటల మీద అంతా సవ్యంగానే నడిచింది. పళ్లెంలో అల్లుడి కాళ్లు పెట్టారు. నేను చెంబు పట్టుకున్నాను. నిశ్చితార్థానికి రాలేకపోయిన అల్లుడి పెదనాన్నగారట, ఒకాయన మా ఆయన వైపు వంగి, పిల్ల తల్లి రాలేదా అని మెల్లగా అడిగాడు. మా ఆయన తల కూడా ఎత్తకుండా, "ఈవిడేనండి, రంగు పడదండి, ఎల..." అంటున్నారు.

"పడతాదండి," అన్నాను నేను. "పరీక్ష కూడా సేయించేం. నాకే ఇష్టం లేదు."

నేను గట్టిగా ఏమీ అనలేదు, కానీ సన్నాయి ఆ క్షణంలోనే ఆగింది. పురోహితుడు మంత్రం ఆపి నా వైపు చూశాడు. ఎదురుగా పెళ్లికొడుకు తల్లి చూసింది. ఆవిడ మొహంలో చిన్న కదలిక కూడా లేదు. మా ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ ఒక్కచోటే ఆయనకి రంగు అక్కర్లేకుండా వచ్చింది. నేను నీళ్లు పోశాను. నా నోటి దురుసు రేపు నా కూతురికి చుట్టుకుంటుందేమో, ఆ ఇంట్లో ప్రతి పూటా దీన్ని ఈ మాటతో పొడుస్తారేమో అని అప్పుడు భయమేసింది.

తలంబ్రాలు అయ్యాక చీర మార్చుకుందామని గదిలోకి వెళ్లాను. వెనకే వియ్యపురాలు వచ్చింది. వచ్చి, తలుపు గడియ పెట్టింది. సరే, యుద్ధమే అనుకున్నాను. నాలుగు సమాధానాలు మనసులో సిద్ధం చేసుకున్నాను, ఒకదాన్ని మించింది ఒకటి.

ఆవిడ వెనక్కి తిరిగింది. జడ మీద దట్టంగా పెట్టుకున్న పూలదండ తీసి, జడ పక్కకి లాగింది. మెడ మీద, జుట్టు మొదలైన చోట, చర్మం అరచేతి మేర పుండైపోయింది. కొన్నిచోట్ల పాతది నల్లగా మచ్చకట్టింది, కొన్నిచోట్ల కొత్తది తడిగా ఉంది. దాని మీద పౌడరు అద్దుకుని ఉంది.

"మా ఇంట్లో ఎవులికీ తెలీదు వదినా," అంది. "రంగేసిన ప్రతిసారీ ఇంతే. మానేత్తే మొత్తం తెల్లబడ్డానికి ఎన్నాళ్లు పడతాది?"

నా దగ్గరున్న నాలుగు సమాధానాలూ ఎటుపోయాయో. ఏడాది పైనే పడుతుందని చెప్పాను. మొదట్లో రెండు రంగులుగా ఉంటుందని, అందరూ నవ్వుతారని చెప్పాను. మీ ఆయన ఏమీ అనలేదా అని అడిగింది. ఇప్పటికీ అంటూనే ఉన్నారని చెప్పాను. ఆవిడ తల ఊపింది. బయట ఎవరో తలుపు కొట్టి, ఫోటోలకి రమ్మని కేకేశారు.

ఆవిడ గబగబా కళ్లు తుడుచుకుని, పూలదండ నా చేతికిచ్చి, మళ్లీ వెనక్కి తిరిగింది. "కనపడకుండా పెట్టీ వదినా. ఈ ఒక్కరోజుకీ."

వద్దు, ఇలాగే రండి అందామని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. పుండు మీద నుంచే దండ చుట్టి, పిన్ను గుచ్చాను. తగిలినట్టుంది, భుజాలు రెండూ పైకి ముడుచుకున్నాయి. ఆవిడే వెళ్లి తలుపు గడియ తీసింది.