నీళ్లలో రోజాతోట

నిన్న అటక మీద అవ్వ వైరు బుట్ట దొరికింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా, ఎర్రా పచ్చా ప్లాస్టిక్ వైర్లతో అల్లిన బుట్ట? ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా పులిహోర వాసన వస్తున్నట్టే అనిపించింది.

తొంభైల్లో ఒక చలికాలం, మా నాయన పూలు తోలే వ్యానులో మమ్మల్నందరినీ పులికాట్ సరస్సు చూపించడానికి తీసుకుపోయాడు. బుట్ట నిండా పులిహోర పొట్లాలు. రోడ్డుకు రెండు పక్కలా ఉప్పునీళ్లు, బురద, గడ్డి దుబ్బులు. గాలి కూడా నాలుకకు ఉప్పగా తగిలేది.

దూరంగా నీళ్ల మీద పరుచుకున్న గులాబి రంగు చూసి అవ్వ, “ఎవురప్పా ఈడ నీళ్లల్లో రోజాతోట పెట్టినారు?” అంది. మా ఊరు ఉద్దనపల్లిలో మాది రోజాతోటే. అవ్వకు తెలిసిన గులాబి రంగంతా అందులోదే.

“తోట కాదమ్మా, ఫ్లెమింగో కొంగలు” అంటూ నాయన హారన్ కొట్టాడు. ఆ రంగంతా ఒక్కసారిగా గాల్లోకి లేచింది.

“అయ్యో, తోట లేచిపోయిందే!” అంది అవ్వ. వ్యానంతా నవ్వులే. ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, “మళ్లా వచ్చి వాలతాయాప్పా?” అని అడిగింది.

“వాలకుండా యాడికి పోతాయమ్మా?” అన్నాడు నాయన.

కొన్నేళ్లకు మా తోట ఇళ్ల ప్లాట్ల కింద అమ్ముడుపోయింది. జేసీబీ రోజా చెట్లు పెకలిస్తుంటే అవ్వ ఈ బుట్టే పట్టుకుని గట్టు మీద నిలబడింది. నాయన వైపు తిరిగింది.

“తోట లేచిపోయిందప్పా. ఇది మళ్లా వాలదు కదా?”